ఎంజీబీ ఇంజను: హెడ్డు కొలిచిన ఆదివారం

ఈ రోజంతా గ్యారేజీలోనే గడిచింది కానీ, ఇంజనులో ఒక్క బోల్టు కూడా బిగించలేదు. నా 1968 మోడల్ ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) సిలిండర్ బ్లాకు లేత్ వర్కు ముగించుకుని వచ్చి స్టాండు మీద కూర్చుంది. 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఎక్కువకు బోరు చేయించడంతో 80.26 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 81.78 అయింది, 1798 సీసీ ఇంజను 1868 సీసీకి చేరింది. 1964లో అబింగ్డన్‌లోని ఎంజీ కార్ఖానా మూడు మెయిన్ బేరింగుల క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) వదిలి అయిదు బేరింగులకు మారింది కాబట్టి, నా ఇంజనుకు కింది భాగంలో బలానికి లోటు లేదు. క్రాంకును, ఫ్లైవీలును, క్లచ్ కవరును కలిపి బ్యాలెన్స్ కూడా చేయించాను. ఇక మిగిలినదల్లా హెడ్డు (సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం), క్యాము (వాల్వులను తెరిచే ఇరుసు).

మధ్యాహ్నం రాజమండ్రి నుంచి బాబాయి వీడియో కాల్ చేశాడు. ఆయన చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. బ్లాకును చూడగానే, "ఒరే, ఇది మన అంబాసిడర్ ఇంజనే కదరా, దీనికింత రాజభోగమా?" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన 1489 సీసీ ఇంజనూ, ఇదీ ఒకే బీ-సిరీస్ కుటుంబానివి. బోరు వేరైనా స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) రెండింటికీ 88.9 మి.మీ.యే. "బోరు పెద్దది బాబాయ్, కార్బ్యురేటర్లు రెండు" అన్నాను. "హెడ్డు ఎంత కోయించావో బ్లాకు మీదే పంచి కొట్టించు, రేపు విప్పేవాడికి తెలియాలి" అని చెప్పి పెట్టేశాడు. నాకు ఆ సలహా నచ్చింది.

హెడ్డును తలకిందులుగా, కొంచెం వాలుగా పెట్టి, వాల్వులూ ప్లగ్గులూ బిగించి, దహన గది అంచున గ్రీజు రాసి, రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకను దాని మీద అదిమాను. బ్యూరెట్ నుంచి రంగు కలిపిన కిరోసిన్‌ను గాలిబుడగ లేకుండా గది నిండేదాకా వదిలి, ఎంత పట్టిందో రాసుకున్నాను. నాలుగు గదులూ ఒక్క లెక్కకు రావు; అచ్చుపోసిన ఇనుములో అది సహజమే. అన్నింటికంటే పెద్ద గదిని ప్రమాణంగా పెట్టుకుని, మిగతా మూడింటిని చిన్న గ్రైండరుతో కొద్దికొద్దిగా అరగదీస్తూ, మళ్లీ కొలుస్తూ, అన్నీ 39.5 సీసీకి వచ్చేదాకా కూర్చున్నాను. ఈ పనికి ఓపిక తప్ప ఖర్చు లేదు. అయినా మెరిసే వాల్వు కవరు కొన్నంత సరదాగా దీన్ని ఎవరూ చేయరు.

ఇంత కొలత ఎందుకంటే కంప్రెషన్ నిష్పత్తి కోసం, అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో చూడటానికి. ఇప్పుడు ఒక్కో సిలిండరు 467 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు గది, గ్యాస్కెట్ మందం, పిస్టన్ మీది గుంట, బ్లాకు అంచు దాకా మిగిలే సందు అన్నీ కలిపి 53 సీసీ ఉంటే నిష్పత్తి 9.8 అవుతుంది. కంపెనీ ఇచ్చినది 8.8. పదిన్నర దాకా పొమ్మని ఉబలాటపెట్టేవాళ్లు ఉన్నారు కానీ, బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు బంకుల్లో దొరికేది ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోలు; పాత రబ్బరు గొట్టాల కోసం ఎలాగూ నేను ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ వాడతాను. దానితోనైనా ఎండాకాలపు ఎత్తు రోడ్డులో ఇంజను కొట్టుకోకుండా లాగాలంటే 9.8 చాలుననిపించింది. వాల్వు సీట్లను అరగకుండా కాపాడే, సీసం కలిపిన పెట్రోలు ఇక్కడ 1999 చివరితో పోయింది కనుక, ఎగ్జాస్ట్ వైపు గట్టి ఉక్కు సీట్లు ముందే వేయించాను.

క్యాము విషయంలోనూ ఆశను అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ హెడ్డులో 1, 2 సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌లెట్ ద్వారం, 3, 4 సిలిండర్లకు మరొకటి. ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కావడంతో, 2 పీల్చుకోవడం మొదలుపెట్టాక క్రాంకు 180 డిగ్రీలు తిరగగానే 1 పీల్చుకోవడం మొదలుపెడుతుంది. వాల్వును మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసింగ్ క్యాము వేస్తే, ఒకరి వాటా ఇంకొకరు లాక్కునే ఆ సమయం పెరుగుతుంది. అందుకే రోడ్డు మీద నడపడానికి తగిన 270 డిగ్రీల క్యామునే (క్రాంకు అన్ని డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వును తెరిచి ఉంచేది) ఎంచుకున్నాను. పైగా ఇది పొడుగు స్ట్రోకు ఇంజను. 6,000 ఆర్‌పీఎం దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 17.8 మీటర్లు. దీన్ని పైపైకి తిప్పడం కంటే మధ్య వేగాల్లో బాగా లాగేలా చేసుకోవడమే తెలివైన పని. కంపెనీ చెప్పిన 95 హార్స్‌పవర్ 120 దగ్గరికి వస్తే నాకు చాలు.

క్రాంకు చివర డిగ్రీల చక్రం బిగించి, పుష్‌రాడ్ మీద డయల్ గేజి ఆనించి క్యాము టైమింగ్ చూడటం వచ్చే వారానికి పెట్టుకున్నాను. తేడా వస్తే సరిచేయడానికి క్యామును కొద్దిగా జరిపే ఆఫ్‌సెట్ కీలు తెప్పించి ఉంచాను. ఇంజను మొదటిసారి అంటుకున్నాక ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు నడపాలి. అప్పుడే కొత్త క్యామూ, దాని మీద ఆని నడిచే టాపెట్లూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. అందుకని జింకు ఎక్కువున్న రన్నింగ్-ఇన్ ఆయిలు కూడా ఇవాళే ఆర్డరు పెట్టాను.