తూనీగల జత కోసం ఎనిమిది వారాలు

ఈ ఎనిమిది వారాల్లో చెరువు ఒడ్డున పందొమ్మిది పూటలు కూర్చున్నాను. తీసిన ఫ్రేములు రెండు వేలు దాటాయి, ఉంచుకున్నవి ముప్పై ఒకటి. నేను వెతుకుతున్న క్షణం వాటిలో ఒక్కదానికే దొరికింది, అదీ సగమే.

ఆ క్షణం ఏమిటో ముందు చెప్పాలి. పుల్లల్లా సన్నగా ఉండే తూనీగలు జతకట్టినప్పుడు గుండె ఆకారం వస్తుంది. ఆ ఫొటో చాలామంది తీస్తారు, మొదటి వారంలోనే నాకూ దొరికింది. అయితే ఆ ఆకారం ఎందుకు వస్తుందో చదివాక, నా ధ్యాసంతా దానికి ముందు జరిగేదాని మీదికి మళ్ళింది. మనం తోక అనుకునేది నిజానికి తూనీగ ఉదరం. అందులో పది ఖండాలుంటాయి. మగదాని వీర్యం బయటికి వచ్చేది తొమ్మిదో ఖండం దగ్గర. ఆడదానికి దాన్ని అందించే అవయవం ఉండేది రెండు, మూడు ఖండాల కింద, అంటే దాదాపు రెక్కల మొదట్లో. అందుకని మగది ఉదరం కొసన ఉండే పట్టకారులాంటి కొక్కేలతో ఆడదాని మెడ వెనక పట్టుకుని, తన ఉదరాన్ని తానే మడుచుకుని, వీర్యాన్ని కొస నుంచి మొదటికి చేర్చుకుంటుంది. పట్టు వదలదు కాబట్టి ఆ మడతతో పాటు ఆడది కూడా ముందుకు లేచి వస్తుంది. ఆ తర్వాతే ఆడది కిందనుంచి వంగుతుంది, గుండె ఆకారం ఏర్పడుతుంది. నేను చూసినంతలో ఈ చేరవేత పది పదిహేను సెకన్లలో అయిపోతుంది. నాకు కావలసింది ఆ పది పదిహేను సెకన్లే.

మొదటి రెండు వారాలు వేళ తప్పింది. పురుగుల ఫొటోలకు తెల్లవారకముందే వెళ్ళాలని ఎక్కడ చూసినా ఉంటుంది. ఒంటరిగా కూర్చున్న తూనీగకైతే అది మంచి సలహా. మంచు బొట్లతో, చల్లదనానికి కదల్లేక, ఎంత దగ్గరికి వెళ్ళినా ఉంటుంది. జతల కోసమైతే ఆ వేళ దండగ. ఒళ్ళు వేడెక్కితే గానీ అవి ఎగరవు, ఎగరందే జతకట్టవు. ఇప్పుడు ఎండ బాగా ఎక్కాక వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉంటున్నాను.

నాది చిన్న సెన్సార్ (బొమ్మ పడే పలక) ఉన్న కెమెరా, అతి దగ్గరి ఫొటోలకు వాడే 100 ఎంఎం మ్యాక్రో లెన్స్. మొదట్లో అన్నీ 1:1లో, అంటే పురుగు ఎంత ఉంటే సెన్సార్ మీద బొమ్మా అంతే పడేలా, తీయాలని పట్టుబట్టాను. అది తప్పు. ఈ సెన్సార్ వెడల్పు 23.5 ఎంఎం. 1:1లో పెడితే మూడు నాలుగు సెంటీమీటర్ల తూనీగే ఫ్రేములో పట్టదు, ఇక జత ఎక్కడ పడుతుంది? పైగా ఎఫ్/11 దగ్గర, అంటే లెన్స్ రంధ్రాన్ని (అపెర్చర్) బాగా చిన్నది చేసినా, ఫోకస్ లోతు (స్పష్టంగా కనిపించే మందం) ఒక మిల్లీమీటరు రాదు. 1:2కి, అంటే బొమ్మ సగం సైజులో పడేలా వెనక్కి వస్తే లోతు దాదాపు మూడు రెట్లవుతుంది, జత మొత్తం పడుతుంది. ఇంకా దగ్గరగా కావాలంటే తర్వాత క్రాప్ చేసుకుంటున్నాను. ఫోకస్ మాన్యువల్‌లో 1:2 దగ్గర వదిలేసి, రింగు తిప్పకుండా నేనే అంగుళం ముందుకీ వెనక్కీ ఊగుతాను. జతకు సరిగ్గా పక్కగా కూర్చోవడం అపెర్చర్ కంటే ముఖ్యం. రెండు శరీరాలూ ఒకే తలంలో ఉంటాయి కనుక సెన్సార్ దానికి సమాంతరంగా ఉంటే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల లోతే సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది వెలుగు. ఫ్లాష్ ఉంటే కదలిక ఆగిపోతుందని నమ్మాను. ఇంటికొచ్చి చూస్తే ప్రతి కాలుకూ, ప్రతి రెక్క అంచుకూ పక్కనే ఒక మసక నీడ. మూడు పూటల ఫొటోలు అలా పోయాయి. కారణం ఎండ. ఫ్లాష్ వెలుగుతో సమానంగా ఎండా పడుతుంటే, షటర్ తెరిచి ఉన్న సెకనులో 200వ వంతు సేపూ ఎండ కూడా విడిగా ఒక బొమ్మ గీస్తుంది. ఇప్పుడు ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందన) 100, ఎఫ్/11, షటర్ 1/200 సెకను. జమ్ము నీడలో కూర్చున్న జతలనే ఎంచుకుంటున్నాను. ఫ్లాష్ ఎనిమిదో వంతు శక్తికి మించనివ్వను. శక్తి తగ్గితే మెరుపు నిడివీ తగ్గుతుంది, వెంటనే ఇంకో ఫ్రేముకు సిద్ధంగానూ ఉంటుంది. ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్‌గా పల్చటి తెల్ల ఫోమ్ షీటును లెన్స్ కొస దాకా వంచి కట్టాను. ఎంత పెద్దదైతే కళ్ళ మీద మెరుపు మచ్చ అంత మెత్తగా వస్తుంది.

ఈ మధ్యలో చేయి కుదరడానికి ఆకుల మీది డాలు ఆకారపు నల్లులు బాగా పనికొచ్చాయి. అవి వెనక కొసలు కలుపుకుని, చెరో దిక్కుకూ ముఖం పెట్టి గంటల తరబడి ఉంటాయి. తొందర ఉండదు. ఫోకస్, ఫ్లాష్ కోణం, మోకాళ్ళ మీద నిలకడ అన్నీ అక్కడే నేర్చుకున్నాను.

దగ్గరికి వెళ్ళడం గురించి ఒకటే జాగ్రత్త: నా నీడ వాటి మీద పడకూడదు. వంగి, నెమ్మదిగా, సూటిగా వెళితే ఉంటాయి. చేయి పక్కకు ఊపితే లేచిపోతాయి. అడ్డొచ్చిన గడ్డిపరకను తుంచను, క్లిప్పుతో పక్కకు పట్టి ఉంచి తర్వాత వదిలేస్తాను. కదలకుండా ఉండాలని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్ళున్నారు. ఆ ఫొటోలో పురుగు ఉంటుంది, దాని బతుకు ఉండదు. నేను ఆ పని చేయను.

గుండె ఆకారం కుదిరాక కూడా చూడాల్సింది చాలా ఉంది. మొదట మగదాని ఉదరం మొదటి భాగం లయగా పైకీ కిందికీ ఊగుతుంది. అది ఆడదానిలో అంతకుముందు మరో మగది వదిలిన వీర్యాన్ని తోడేయడం. 1979లో జీవశాస్త్రవేత్త జొనాథన్ వాగే దీన్ని ఒక జాతి తూనీగల్లో రుజువు చేశాడు. తర్వాత ఊపు తగ్గుతుంది, పదునైన ఫ్రేము అప్పుడే వస్తుంది. గుండె ఆకారం విడిపోయాక నేను వెంటనే లేచేవాణ్ణి. ఐదో వారం నుంచి లేవడం లేదు. చాలాసార్లు మగది మెడ పట్టు వదలకుండా ఆడదాన్ని నీటి మొక్క దాకా తీసుకెళ్ళి, అది కాడలోకి గుడ్లు దించుతుంటే దాని మీద నిట్టనిలువుగా కాపలా నిలబడుతుంది. నా ముప్పై ఒకటిలో పదకొండు ఆ కాపలావే. గుండె ఆకారం కంటే నాకు అవే ఎక్కువ ఇష్టం.

ఇక ఆ ఒక్క ఫ్రేము. గత వారం ఒక మగది నా ఎదురుగా జమ్ము కాడ మీదే ఆడదాన్ని పట్టుకుంది. కెమెరా అప్పటికే కంటి దగ్గర ఉంది. నాలుగు ఫ్రేములు తీశాను. మూడో దాంట్లో మగది మడత పూర్తిగా, స్పష్టంగా ఉంది. ఆడది మాత్రం గాలిలోకి లేచి నా వైపు తిరిగింది, దాని కళ్ళు ఫోకస్ దాటిపోయాయి. ఆ కదలికకు చోటు కావాలంటే 1:2 నుంచి 1:3కి వెనక్కి రావాలి, ఎఫ్/13 పెట్టాలి, ఫ్లాష్ శక్తి కొంచెం పెంచాలి. వచ్చే వారం అదే కాడ ఎదురుగా కూర్చుంటాను.