బెర్లిన్ వెళ్ళేలోపు వండుకోవాల్సినవి

నాగుల చవితి అవ్వగానే నా ప్రయాణం. ఆఫీసు ప్రాజెక్టు మీద ఈ చలికాలమంతా బెర్లిన్‌లో ఉండాలి, మళ్ళీ వైజాగ్ వచ్చేది ఇక్కడ ఎండలు ముదిరాకే. కోట్లు, బూట్లు, థర్మల్స్ సంగతి అక్క చూసుకుంటానంది కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు, నా ధ్యాసంతా వంటింట్లోనే ఉంది.

దూరం వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో చివరి వారాలన్నీ పొడులు కొట్టడం, పచ్చళ్ళు ప్యాక్ చేయించడంతోనే గడిచిపోతాయి. నేను అది తర్వాతకి పెట్టాను. కందిపప్పు, చింతపండు, ఇంగువ అక్కడి ఇండియన్ షాపుల్లోనూ దొరుకుతాయి, పొడులు అయిపోతే ఎవరైనా వచ్చేవాళ్ళతో తెప్పించుకోవచ్చు. సూట్‌కేసులో రాని వంటలే ముందు చేసుకోవాలి, అదీ అమ్మ చేత కాదు, అమ్మని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నేనే చెయ్యాలి అనుకున్నాను. అమ్మ వండితే తిని లేచిపోతాం. మన చేత్తో వండితేనే పులుసు ఎంత చిక్కబడ్డాక ఉప్పు చూడాలో, మంట ఎప్పుడు తగ్గించాలో ఒంటబడుతుంది.

ముందు చేపలు, ఎందుకంటే దీపావళి మర్నాటి నుంచి కార్తీకం, మా ఇంట్లో ఆ నెలంతా నీచు వండరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు, ఆ తర్వాత ఈ నెలల్లో ఫిషింగ్ హార్బర్‌లో సరుకు బాగానే ఉంటుంది, కాకపోతే ఇది తుఫాన్ల కాలం, బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే బోట్లన్నీ ఒడ్డునే ఉండిపోతాయి, అందుకని వాతావరణం వార్తలు చూసుకుని మరీ తెల్లవారుజామున నాన్నా నేనూ బండి తీస్తున్నాం.

అందరూ వంజరం, చందువా అంటారు గానీ నాకు నెత్తళ్ళ తర్వాతే ఏదైనా. నెత్తళ్ళకి తల గిల్లి, దాంతోపాటే పొట్టలోది లాగెయ్యాలి, కల్లుప్పు, పసుపు వేసి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇది ఓపిక పని, కిలో బాగు చెయ్యడానికి గంట పట్టినా పట్టొచ్చు. ఇప్పుడు పచ్చి చింతకాయలు వస్తున్నాయి కాబట్టి వాటిని ఉడికించి, పిసికి, పిప్పి తీసి ఆ రసంతో పులుసు పెట్టాను. నూనెలో కాసిని మెంతులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక పసుపు, కారం, ఉప్పు, చింతకాయ రసం, పులుసు బాగా మరిగి పైకి నూనె తేలాకే చేపలు వెయ్యాలి. వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నెని గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలంతే. పది నిమిషాలకి మించి అక్కర్లేదు. రాత్రి కొంచెం దాచి మర్నాడు పొద్దున చద్దన్నంలో వేసుకుంటే, ఆ రుచి కోసమే ఈ ఊళ్ళో పుట్టానేమో అనిపిస్తుంది నాకు.

తర్వాత కంద బచ్చలి. ఇందులో కష్టమంతా ఆవ పెట్టడం దగ్గరే. కంద చెక్కేటప్పుడు దురద పెట్టకుండా చేతులకి నూనె రాసుకున్నాను, ముక్కలు మెత్తగా ఉడికాక బచ్చలాకు, చింతపండు పులుసు, బెల్లం కొంచెం (అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా ఇంకోటి ఎందుకు), ఆపైన శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, ఇంగువ, కరివేపాకుతో పోపు. ఇక్కడ నేను ఆవ ముద్ద తియ్యగానే అమ్మ "ఆగవే, చల్లారనీ" అంది. ఆవాలు తడితో నలిగినప్పుడే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే ఆ ఘాటు చచ్చిపోయి చేదు మిగులుతుంది. అందుకే కూర దించి, గోరువెచ్చగా కూడా లేదనుకున్నాకే కలపాలి. ఇంట్లో రోజూ తిన్న కూరలో ఈ ఒక్క ఆగడం మీదే రుచంతా నిలబడి ఉందని వండుతుంటేనే అర్థమైంది.

తీసుకెళ్ళే వాటికి రూల్స్ ఉన్నాయి, ముందే చూసుకోవడం మంచిది. బయటి దేశాల నుంచి యూరప్ వెళ్ళేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు, అంటే నెయ్యి, కోడి పచ్చడి రెండూ ఇక్కడే ఆగిపోవాలి. చేపలకీ రొయ్యలకీ మాత్రం 20 కిలోల వరకు అనుమతి ఉంది, కాబట్టి రొయ్యల పచ్చడి వస్తుంది, నాకు ఆ ఒక్కటి చాలు. పచ్చి కరివేపాకు కట్టలు ఊరికే పట్టుకెళ్ళడం కుదరదు, సర్టిఫికెట్ కావాలి, అందుకే నీడన ఆరబెట్టి కరివేపాకు కారం కొట్టేస్తున్నాను. నెయ్యికి దిగులు లేదు, జర్మనీ వెన్నలో కొవ్వు 82 శాతం ఉంటుంది, ఉప్పు లేనిది తెచ్చి సన్న సెగ మీద కాచుకుంటే చక్కటి నెయ్యి. ఇవి కాక చోడి (రాగి) పిండి, నువ్వుపొడి, నూనె తేలేదాకా ఉడికించిన పులిహోర పులుసు.

నాకిచ్చే ఫ్లాట్‌లో గ్యాస్ లేదు, కరెంటు పొయ్యే. గుండ్రటి పోపు గరిటె దాని మీద నిలబడదు కాబట్టి చదునైన అడుగున్న చిన్న ఇనప మూకుడు పూర్ణా మార్కెట్ దగ్గర కొన్నాను, ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద దాంతోనే పోపులు పెడుతూ అలవాటు చేసుకుంటున్నాను. లంబసింగి చలే పెద్ద చలి అనుకునే ఊరు మాది. బెర్లిన్‌లో డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, పొద్దున ఎనిమిది దాటితే గానీ సూర్యుడు రాడు, అంత చీకట్లో ఆఫీసు నుంచి వచ్చి రొట్టె, చీజ్‌తో సరిపెట్టుకుని పడుకోవడం నావల్ల కాదు. వేడిగా మిరియాల చారన్నా పెట్టుకోవాలి, పోపు చిటపట వినపడాలి.

దీపావళిలోపు ఇంకా వంజరం వేపుడు, గుడ్డు వేసిన రొయ్యల ఇగురు మిగిలాయి. తర్వాత గుత్తివంకాయ ఉల్లికారం, ఉసిరికాయ పులిహోర, చవితి రోజు చిమ్మిలి. చిమ్మిలికి మాత్రం మిక్సీ వద్దు, రోట్లోనే దంచాలంది అమ్మ, నువ్వుల్లో నూనె దిగి బెల్లంతో ముద్ద కట్టాలట. రోకలి నేనే పట్టుకుంటానని చెప్పాను.