ముందు కప్పు, తర్వాతే కొత్త గది

ఇంటి వెనక అమ్మకో గది, బాత్రూమ్ వేద్దామని మూడు నెలలుగా లెక్కలు రాస్తూనే ఉన్నాను. నిన్న మేస్త్రి గారు పాత గోడను వేలితో గీకితే సున్నం పొడిపొడిగా రాలింది. స్లాబులో సన్నటి పగులు, నీళ్లు దిగేది అక్కణ్నుంచే. మనసు చివుక్కుమంది. ఉన్న డబ్బుతో ముందు ఆ లీకేజీ ఆపాలి, తప్పదు.

ప్లాన్‌లో బాత్రూమ్‌ని వంటగది గోడకు ఆనించాను. పైపులు, డ్రైనేజీ అక్కడే ఉన్నాయి కాబట్టి కొత్తగా తవ్వే పని చాలా తగ్గుతుంది. పాత, కొత్త గోడలు కలిసేచోటే పగుళ్లొస్తాయట, పునాది చూశాకే మొదలుపెట్టమన్నారు. అనుకోని ఖర్చులకని 10 శాతం విడిగా ఉంచాను, టైల్స్ ఎంత నచ్చినా అది ముట్టుకోను.

అమ్మ గది ఇంకో ఏడాది ఆగాలి. పొద్దుటి ఎండ పడేలా తను అడిగిన కిటికీని మాత్రం కాగితం మీద చెరపలేదు.