కోనసీమ పటం అచ్చుకెక్కిన తీరు

మా ఊరి గ్రంథాలయం గోడకు తెలుగులో ఒక కోనసీమ పటం ఉండాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. బజారులో దొరికేవన్నీ మండలానికో రంగు పూసినవే. వాటిలో కాలువలుండవు. కాలువలు లేని కోనసీమ పటం ఎవరికి కావాలి? అందుకే క్యూజీఐఎస్ అనే పటాలు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి కూర్చున్నాను. అది ఉచితం, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడిచింది.

నేను చూసిన పాఠాలన్నీ కొండలతోనే మొదలయ్యాయి. ఎత్తుల సమాచారం దింపుకుని నీడలు వేస్తే పటం లేచి నిలబడుతుందట. 2000లో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం సమాచారం తెచ్చి నేనూ నీడలు వేశాను. అమలాపురం చుట్టూ గుట్టలు మొలిచాయి! సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న నేల మీద గుట్టలెక్కడివి? చెట్లు దట్టంగా ఉన్నచోట ఆ రాడార్‌కు అందేది నేల కాదు, చెట్ల తలలు. తెర మీద కనిపిస్తున్నవి మన కొబ్బరితోటలన్నమాట. ఆ పొర తీసేశాను. ఇక్కడ పటాన్ని నిలబెట్టాల్సింది నీళ్లే.

నదులు, కాలువలు, రోడ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, జనమే కలిసి తయారుచేసే ఉచిత పటం నుంచి తీసుకున్నాను. వాడుకున్నందుకు పటం మీద వాళ్ల పేరు అచ్చువేస్తే చాలు. మామూలుగా పొరల వరుసలో కాలువ కింద, నది పైన ఉంటాయి. పి.గన్నవరం దగ్గర ఆ లెక్క కుదరదు. కాటన్ దొర కాలం నుంచీ అక్కడ కాలువ అక్విడక్టు, అంటే నీళ్లను మోసే వంతెన ఎక్కి గోదావరి పాయ వైనతేయను దాటుతోంది. ఆ ముక్కను వేరే పొరగా విడదీసి, రెండు వైపులా నల్లటి అంచు కట్టి, నదికి పైన పెట్టాను. అచ్చులో అది అర సెంటీమీటరు ఉంటుందేమో. అయినా మా వాళ్లు పటం ముందు నిలబడితే ముందు వెతికేది దాన్నే.

ఏ1 కాగితం, 1:1,25,000 స్కేలు. అంటే సెంటీమీటరుకు కిలోమీటరుంపావు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా పట్టేసి, కింద సూచికకు చోటు మిగిలింది. ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతి గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. యూటీఎం అనే పద్ధతిలో 44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, కోనసీమ దాని పక్కనే ఉంది కాబట్టి కొలతలు పెద్దగా సాగవు. మూలన పెట్టిన చిన్న భారతదేశ పటానికి మాత్రం సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులే వాడాను. బయటి ఫైళ్లలో కశ్మీర్ గీత వేరుగా ఉంటుంది, దాన్ని అచ్చువేస్తే చట్టంతో చిక్కు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చాలా ఊళ్ల పేర్లు తెలుగులో లేవు. బంధువులను అడిగి పంచాయతీ బోర్డుల ఫొటోలు తెప్పించుకున్నాను. నది పేరును వంపు వెంట అక్షరం అక్షరం ఎడంగా పరచడం ఇంగ్లిష్ పటాలకు అందం. తెలుగులో అలా పరిస్తే ‘వశిష్ఠ’ వత్తు విడిపోయి పక్కకు జరిగింది. అందుకే నది పేర్లను సాఫీగా ఉన్నచోట్ల తిన్నగా, చిన్నగా, రెండు మూడు సార్లు వేశాను.

చుట్టుపక్కల బడులు కూడా పటం అడగడంతో ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళ్లాను. అక్కడి డీటీపీ అంతా అనూ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో నడుస్తుంది, నా యూనికోడ్ అక్షరాలు ఆ కంప్యూటర్లో ఎలా పడతాయో చెప్పలేం. కాబట్టి పీడీఎఫ్‌లో అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి ఇచ్చాను. ప్రెస్సు పెద్దాయన నమూనాను భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచారు.

“చూడు బాబూ, నీ నలుపు నాలుగు సిరాలతో వచ్చింది. కాగితం వెంట్రుకవాసి కదిలినా వత్తులన్నీ అలుక్కుపోతాయి. అక్షరాలకు నల్ల ప్లేటు ఒక్కటే ఉండాలి.”

“మరి కాలువలండీ?”

“సన్నగీతలన్నీ ఒక్క సిరాలోనే ఉండనీ.”

నెలల తరబడి తెర ముందు కూర్చున్నా తట్టని సంగతి అది. ఇంటికొచ్చి ఫైలును స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పేర్లకు నలుపొక్కటి, కాలువలకు సయాన్ అనే నీలి సిరా ఒక్కటి ఉంచాను. రెండు రంగులు కలిసేది వెడల్పుగా పరుచుకున్న చోట్లే, అంటే వరిపొలాలు, మడ అడవులు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించేటప్పుడు పోయే అదనపు అంచు వదిలాను. తర్వాత అమలాపురం ముక్కను ఏ4 మీద, కాగితానికి సరిపోయేలా కుదించే ఆప్షన్ తీసేసి, అసలు కొలతలో ప్రింటు తీసి స్కేలుబద్దతో కొలిచాను. స్కేలు గీత సరిగ్గా సరిపోయింది. చిన్న ఊళ్ల పేర్లు మాత్రం ట్యూబులైటు కింద నిలబడి చదివితే ఆనలేదు, ఒక పాయింటు పెంచాను.

కాగితం దగ్గర కాసేపు వాదన జరిగింది. ఆర్ట్ పేపర్ మీద రంగులు మెరుస్తాయి కానీ గోడకు తగిలిస్తే లైటు పడి సగం పటం కనిపించదు. నేను మెరుపు పూత లేని మ్యాప్‌లిథో కాగితానికే మొగ్గాను. అది సిరా పీల్చుకుని రంగును ముదురు చేస్తుందని పెద్దాయన ముందే హెచ్చరించడంతో, నదుల నీలాన్ని మరో మెట్టు పలచన చేసి ప్లేట్లకు ఇచ్చేశాను. బోర్డు ఫొటోలు అందని కొన్ని లంక గ్రామాల పేర్లు రెండో ముద్రణకు మిగిలాయి.