క్యాష్ బ్యాగులో మెమో

ఇవాళ పొద్దున నాలుగున్నరకే లేచాను. ఫస్ట్ సర్వీస్ నాదే, హనుమకొండ నుంచి ములుగు మీదుగా రామప్ప. రోజూ ఉండే డ్యూటీయే. కాకపోతే క్యాష్ బ్యాగు అడుగున, ప్లాస్టిక్ కవర్లో, ఎమ్మే హిస్టరీ మార్కుల మెమో ఉంది. 72 శాతం, ఫస్ట్ డివిజన్. నిన్న స్టడీ సెంటర్లో చేతికిచ్చారు. మా ఆవిడ పుట్టింట్లో ఉంది, సాయంత్రానికి వస్తుంది. అందాకా ఇంట్లో పెట్టి రావడానికి మనసొప్పలేదు.

అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో పెట్టారు, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. నేను పుట్టిందీ ఆ ఏడాదే. నాకోసమే పెట్టారని మా డ్రైవరన్నతో అంటుంటాను. డిగ్రీ కూడా అందులోనే, అప్పుడు బొటాబొటిగా గట్టెక్కాను. ఈసారి పంతం పట్టాను. చదివిందంతా నైట్ అవుట్ డ్యూటీల్లోనే. ఊళ్లో బస్సు ఆపేశాక డ్రైవరన్న సీట్ల మధ్య దుప్పటి పరిచి గురక మొదలుపెట్టేవాడు. నేను పంచాయతీ ఆఫీసు అరుగు మీద, వీధిలైటు కింద. పైనుంచి పురుగులు రాలిపడేవి. కాకతీయుల పాఠం తెరిస్తే ఒక ఉసిలి రెక్క ఇప్పటికీ పేజీకి అతుక్కునే ఉంది. సంవత్సరాలు మాత్రం టికెట్ రోలు చివరి ముక్కల వెనక రాసి జేబులో వేసుకునేవాణ్ణి.

ఇవాళ జంగాలపల్లి క్రాస్ దాటాక, బస్సులో ఉన్న కాలేజీ పిల్లల్లో ఒకడు అడిగాడు, "అన్నా, రామప్ప గుడి కట్టించింది రామప్పనేనా?"

టికెట్లు కొట్టడం ఆపేశాను.

"కాదు తమ్మీ, రామప్ప శిల్పి అంటరు. కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుని సేనాని. 1213 నాటి శాసనం అక్కడే ఉంటది, చూడుండ్రి."

వాడు ఫోన్లో వెతికి, పక్కవాడితో మెల్లగా "కరెక్టే చెప్పిండురా" అన్నాడు. మెమో చేతికొచ్చినప్పుడు కూడా ఇంత పొంగిపోలేదు. ఆ ఊపులో శిల్పాల దాకా వెళ్లి, ఒక ముసలమ్మను దింపాల్సిన స్టేజీ దాటించేశాను. "జీరో టికెటని యాదిమరుస్తవా బిడ్డా?" అని బస్సంతా వినబడేలా తిట్టింది. పడ్డాను, తప్పు నాదే.

సాయంత్రం మెమో మా ఆవిడ చేతిలో పెట్టాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితం అంచులు పట్టుకుని, పేపరు పేపరుకూ చూస్తూ కిందికి వచ్చింది. ఒకచోట ఆగింది.

"గీ యాభై ఎనిమిదేంది?"

అది చరిత్ర రచనా పద్ధతుల పేపరు. నైట్ అవుట్ దిగి అటునుంచటే వెళ్లి రాశాను, హాల్లో రెండుసార్లు కునుకు పట్టింది. అదే చెప్పాను.

"మరి పోరనికి లెక్కల్ల అరవై అయిదొస్తే గంత లొల్లెందుకు చేసినవ్?"

లోపలి గదిలోంచి వాడు కిసుక్కున నవ్వాడు.