పద్దెనిమిదిలో రెండు

నా పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ బాగా జరిగిందని సర్జన్ చెప్పగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పేగు కుడిభాగం తీసేశారు, మలం కోసం పొట్ట మీద సంచీ పెట్టాల్సిన అవసరం రాలేదు. అసలు టెన్షన్ ఆ తీసిన పేగు బయాప్సీ రిపోర్టుతో మొదలైంది.

అంతకుముందు నాకున్నదల్లా నీరసం. సింహాచలం మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువుందని ఒక క్లినిక్‌లో నెలల తరబడి ఐరన్ మాత్రలు రాశారే తప్ప, ఆ రక్తం ఎటు పోతోందో చూడలేదు. కుడివైపు కణితి నుంచి రక్తం కంటికి కనపడకుండానే మలంలో పోతుందట.

జబ్బు పాకిందో లేదో తెలియాలంటే, తీసిన పేగుతో పాటు దాని పక్కనుండే చిన్న చిన్న లింఫ్ గ్రంథులు కనీసం 12 అయినా పరీక్షించాలి. నావి 18 చూశారు, రెండింట్లో క్యాన్సర్ ఉంది. అంటే మూడో స్టేజి.

"కోసి తీసేశారు కదా బావా, మళ్లీ ఈ కీమో ఏటి?" అన్నాడు మా బావమరిది. స్కాన్‌కి అందని కణాలు ఎక్కడైనా మిగిలుంటే వాటి కోసం.

రాత్రిళ్లు ఫోన్లో అంకెలు వెతికేవాణ్ణి. అమెరికా లెక్కల్లో జబ్బు పేగు దాటకపోతే ఐదేళ్లు బతికేవాళ్లు నూటికి 90 మంది, పక్క గ్రంథులకు పాకితే 70 పైచిలుకు. డాక్టరమ్మకు చూపిస్తే, "తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే అండీ. అవి గడిచాక ఈ అంకె మీకు వర్తించదు, ఇంకా మెరుగవుతుంది" అన్నారు.

మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు సెలైన్‌లో, మధ్యలో రెండు వారాలు కీమో మాత్రలు. ఆ మందుకి చల్లటిదేదీ పడదు; వాంతుల కంటే అదే ఎక్కువ ఏడిపించింది. విశాఖ మే నెల ఉక్కలో ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీస్తే వేళ్లకు కరెంటు కొట్టినట్టుండేది. మా ఆవిడ మంచినీళ్లు కూడా గోరువెచ్చగా చేసిచ్చేది. పాదాల్లో తిమ్మిరి ఇప్పటికీ కాస్త ఉంది.

అయినా నడుస్తున్నాను. కీమో తర్వాత పద్ధతిగా వ్యాయామం చేసినవాళ్లలో ఎనిమిదేళ్లకు 90 శాతం మంది బతికున్నారని, సలహా పుస్తకాలతో సరిపెట్టినవాళ్లలో 83 శాతమని 2025లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. బీచ్ రోడ్డులో నడిచేవాళ్లకి అంతకంటే ఏం కావాలి!

జబ్బు తిరగబెడుతోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, ఏటా సీటీ స్కాన్ నడుస్తున్నాయి. ఆపరేషనైన ఏడాదికి చేసిన కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష, బాగానే వచ్చింది. ఇక మిగిలింది మా తమ్ముడు. తోడబుట్టినవాళ్లు నలభై దాటితే చేయించుకోవాలన్నారు. వాడేమో ఆ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికొస్తాడుగా, అప్పుడు చెప్తా వాడి పని.