410 జీబీలో నాది ఎంత?

పోయిన వేసవిలో ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేస్తే మొదట్లో వచ్చే బయాస్ సెట్టింగుల తెర మీద, నా ఫైళ్ళన్నీ ఉండే ఎస్‌ఎస్‌డీ డిస్కు పేరే లేదు. కేబుల్ తీసి పెట్టాను, ఇంకో పోర్టుకి మార్చాను, దేవుడికి ఓ దణ్ణం కూడా పెట్టాను, లాభం లేకపోయింది. అయినా పెద్దగా టెన్షన్ పడలేదు, బ్యాకప్ ఉందిగా అని ధీమా. తీరా చూస్తే అది ఐదు నెలల కిందటిది.

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు రాసేది నేనే. ఎవరు ఎప్పుడు కట్టారు, బోరు ఎండినప్పుడు ఎన్ని ట్యాంకర్లు తెప్పించాం, లిఫ్ట్ రిపేరుకి ఎంతయింది, ఐదు నెలల చిట్టా మొత్తం గాల్లో కలిసిపోయింది. రసీదు పుస్తకాలు ముందేసుకుని మళ్ళీ ఎక్కిస్తుంటే 302 వాళ్ళు, "ఏం సార్, మార్చిలో కట్టాం కదా, మీకు గుర్తులేదా?" అని నిలదీశారు. నాకు గుర్తుంటే కంప్యూటర్ ఎందుకు?

బ్యాకప్ అంత పాతది ఎందుకయిందంటే, నేను మొత్తం తీసే రకం. డిస్కులో 410 జీబీ ఉంటే 410 జీబీ కాపీ కావాల్సిందే. నా డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ 2 పోర్టులే ఉన్నాయి, సెకనుకి 35 ఎంబీ వస్తే గొప్ప, చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే అదీ రాదు. రాత్రి పెడితే తెల్లారేదాకా సాగేది. దాంతో ఈ ఆదివారం కాదు వచ్చే ఆదివారం అనుకుంటూ అలా జరుపుకుంటూ పోయాను. అందుకని ఈసారి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్ళి కొత్త ఎస్‌ఎస్‌డీ, ఒక 1 టీబీ హార్డ్ డిస్కు తెచ్చుకున్నాక, ఎలా తీయాలి అన్నది పక్కన పెట్టి, ఏది వదిలేయొచ్చు అని కూర్చున్నాను.

ఎన్‌సీడీయూ అని ఓ చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో పెద్దది పైకి వచ్చేలా చూపిస్తుంది. పాత బ్యాకప్ మీద నడిపితే కళ్ళు తిరిగాయి. ఎప్పుడో సరదాగా పెట్టిన వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) 130 జీబీ, సినిమాలు 112, డౌన్‌లోడ్స్ 41, బ్రౌజర్ లాంటివి తమ అవసరానికి దాచుకునే డాట్ క్యాష్ ఫోల్డర్ 13. ఇన్నాళ్ళూ నేను రాత్రంతా మేలుకుని మోసిన బరువులో ముప్పావు వంతు దాకా ఇదే.

ఆపరేటింగ్ సిస్టమ్‌ని కూడా వదిలేశాను. నేను వాడే ఉబుంటు లైనక్స్‌ని మళ్ళీ ఎక్కించుకోవడానికి అరగంట చాలు. నేను ఏరికోరి పెట్టుకున్న ప్రోగ్రామ్‌ల పేర్లు మాత్రం ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అనే కమాండ్‌తో ఒక టెక్స్ట్ ఫైల్లో రాయించి పెట్టుకున్నా, అది కొన్ని కేబీలే. ప్రాక్, సిస్ అనే డైరెక్టరీలైతే అసలు డిస్కులో ఉండవు, సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ అప్పటికప్పుడు చూపించే బొమ్మలు. తెలియని రోజుల్లో వాటినీ కాపీకి పెట్టాను, ప్రాక్‌లో కేకోర్ అనే ఫైలు సైజు 128 టీబీ అని చూసి నా కంప్యూటర్‌కి దయ్యం పట్టిందనుకున్నా. సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీని మాత్రం ఏరకుండా అలాగే తీసుకున్నాను. పది ఎంబీ కోసం బుర్ర పాడుచేసుకోవడం దేనికి?

ఇంతవరకూ బాగానే ఉంది. కొత్త ఎస్‌ఎస్‌డీలో అన్నీ సర్దుకుని తెలుగులో టైప్ చేయబోతే వేళ్ళు తడబడ్డాయి. నేను ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో కొడతాను, అరసున్నకి, 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం అతుక్కోకుండా పెట్టే నాన్-జాయినర్‌కి నాకు వీలైన మీటలు పెట్టుకున్నాను. ఆ మార్పులు చేసిన ఫైలు ప్రోగ్రామ్‌లు ఉండే యూఎస్ఆర్ డైరెక్టరీలో ఎం17ఎన్ అనే ఫోల్డర్లో ఉంటుంది, అంటే నేను "మళ్ళీ దొరుకుతుందిలే" అని కొట్టేసిన చోట. పాత కాపీలోంచి వెతికి తీసి హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎం17ఎన్ డాట్ డీ లోకి మార్చాను, అక్కడున్నా పనిచేస్తుంది. మీరు చేత్తో మార్చిన ఫైళ్ళు హోమ్ బయట ఎక్కడున్నాయో ఓసారి గుర్తు చేసుకోండి, అవే దెబ్బకొడతాయి.

మెయింటెనెన్స్ లెక్కలూ అంతే. అవి మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటాయి, దాని ఫైళ్ళు వార్ డైరెక్టరీలో. డేటాబేస్ నడుస్తుండగా ఆ ఫైళ్ళని ఉన్నపళంగా కాపీ చేస్తే సగం పాతది సగం కొత్తది వచ్చి, తీరా అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చు. అందుకని రోజూ రాత్రి ముందు డంప్ (లెక్కలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి) తీయిస్తున్నా, రెండు ఎంబీ కూడా లేదు.

ఫోటోలు 62 జీబీ, ఒక్కటీ ఏరలేదు. ఏరడం మొదలుపెడితే పాపాయి బారసాల ఫోటోల దగ్గరే తెల్లారిపోతుంది. డౌన్‌లోడ్స్ అంతా చెత్తే అని గుడ్డిగా కొట్టేయబోతూ ఓసారి చూస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ఆరు ఐఎస్‌ఓ ఫైళ్ళకీ కరెంటు బిల్లులకీ మధ్య వాట్సాప్ నుంచి దింపిన ఆడియో ఒకటి కనిపించింది, మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. గోంగూర నిల్వ పచ్చడికి ఆకు ఎంత ఆరాలో అమ్మ చెబుతోంది, వెనక కుక్కర్ కూతలు. పేరు చూస్తే పీటీటీ అనీ తేదీ అనీ అంకెలు తప్ప ఏమీ లేదు. దాన్ని పేరు మార్చి వేరే చోట పెట్టి, అప్పుడు కొట్టేశాను డౌన్‌లోడ్స్‌ని.

మిగిలింది 76 జీబీ.

మొదట ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో కాపీ చేసి, సరిగా వచ్చిందో లేదో తిరిగి ఎక్కించి చూశాను. వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళం పనిచేయలేదు, ఆ ఫైలు ఎవరెవరు చదవొచ్చో చెప్పే పర్మిషన్లు మరీ బార్లా తెరిచి ఉన్నాయని మొరాయించింది. కారణం, డిస్కు షాపు నుంచి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వచ్చింది, దానికి లైనక్స్ పర్మిషన్లు తెలియవు. లైనక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4కి మార్చాక సరిపోయింది. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ పెడితే ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిగిపోతుంది కాబట్టి ఇప్పుడు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడుతున్నా, పాత రూపాలు కూడా ఉంచుతుంది, రాత్రి పదకొండింటికి మొదలై కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. దాని పాస్‌వర్డ్ పోతే మాత్రం బ్యాకప్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ పాస్‌వర్డ్‌ని నేను ఎక్కడ దాచానో తెలుసా, అదే బ్యాకప్‌లోకి వెళ్ళే, పాస్‌వర్డ్‌లు దాచుకునే కీపాస్ ఫైల్లో! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. ఇప్పుడు కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్ కవర్లో పెట్టాను, మా ఆవిడకి చూపించాను కూడా.

ఇంకో డిస్కు కొని ఉప్పల్‌లో తమ్ముడి ఇంట్లో పెట్టాలని ఉంది. 2020 అక్టోబర్ వరదల్లో పిన్ని వాళ్ళ గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు కంప్యూటరూ దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్కూ కలిసే మునిగాయి. మాది మూడో అంతస్తులే అనుకుంటూ నేను ఇంకా కొనలేదు.

302 వాళ్ళ మార్చి రసీదు కూడా ఇంకా దొరకలేదు.